మత్తు డాక్టరుకి కాపలా

సౌదీలోని హుఫూఫ్‌లో ఉన్నన్నాళ్ళూ నేను రెండు ఉద్యోగాలు చేశాను. ఒకటి జీతం ఉన్నది, ఆసుపత్రి లాబొరేటరీకి పెద్ద తలకాయగా ఉండటం. రెండోది జీతం లేనిది, ఇంట్లో కూడా చెప్పుకోకూడనిది. తోటి డాక్టరొకాయన చిన్న సీసాలో మూత్రం పోస్తుంటే వెనక నిలబడి చూడటం.

నేను పెథాలజీలో చేరినప్పుడు మా నాన్న, “ఇంత చదివీ చివరికి ఊళ్ళోవాళ్ళ ఉచ్చ చూస్తావన్నమాట” అన్నాడు. అది సీసాలోకి చేరకముందే చూడాల్సి వస్తుందని ఆయనా ఊహించలేదు, నేనూ ఊహించలేదు.

ఇది రెండువేల అయిదు, ఆరు ప్రాంతపు మాట. ఆ డాక్టరు మా ఆసుపత్రిలో ఆపరేషన్లకు మత్తు ఇచ్చేవాడు. ఇంగ్లీషులో ఆయన హోదాకు నోరు తిరగని పేరుంది. మనవాళ్ళు హాయిగా మత్తు డాక్టరు అంటారు. వరంగల్ వైపు మనిషి, నాకంటే కొంచెం చిన్న. మంచి పనివాడు. భయపడే రోగి చెయ్యి పట్టుకుని తనకు వచ్చిన నాలుగు అరబ్బీ ముక్కలతోనే నవ్వించి నిద్రపుచ్చేవాడు. ఆ చెయ్యే ఒక దశలో రోగికి ఇవ్వగా మిగిలిన మార్ఫిన్‌ను పారబొయ్యకుండా దాచుకోవడం మొదలుపెట్టింది. నడుంనొప్పితో మొదలైందని చెప్పాడు. ఇచ్చే మత్తు పుచ్చుకునే మత్తయింది. ఆపరేషన్ థియేటరులో ఒకరు కనిపెట్టి మెడికల్ డైరెక్టరుకు చెప్పారు.

డైరెక్టరు సౌదీ మనిషి. పెద్దవాడు, తక్కువ మాట్లాడేవాడు, కెనడాలో చదువుకుని వచ్చినవాడు. పోలీసులకు చెప్పలేదు. సెలవు మీద హైదరాబాదు పంపించి వైద్యం చేయించుకుని రమ్మన్నాడు. కొన్ని నెలలకు అతను చిక్కి, నల్లబడి తిరిగొచ్చాక డైరెక్టరు నన్ను తన గదికి పిలిచాడు.

“నేను చదువుకున్న చోట పడిపోయిన డాక్టరును బయటికి విసిరెయ్యరు. పని చెయ్యనిస్తారు, కళ్ళు మాత్రం అతని మీదే పెట్టి ఉంచుతారు” అన్నాడు. “ఇక్కడ ఆ కళ్ళు నీవి.”

షరతులు వరసగా చెప్పాడు. మత్తుమందుల బీరువా తాళం అతని చేతికి రాదు. ఇంజెక్షను మరొకరు లెక్క చూసి తీసిస్తేనే ఇస్తాడు. నెలకోసారి దమ్మామ్‌లో మానసిక వైద్యుడి దగ్గరకు వెళ్ళాలి. నేను ఎప్పుడు పిలిస్తే అప్పుడు, ముందు చెప్పకుండా, మూత్రపరీక్షకు రావాలి. ఇది ఏడాదిన్నర సాగాలి.

“ఒక్క పరీక్ష తప్పినా ఇంక మాట్లాడేది ఉండదు. కాగితం లైసెన్సు ఆఫీసుకు వెళ్తుంది. లైసెన్సు పోతుంది, ఈ దేశంలో ఉండనిచ్చే ఇఖామా పోతుంది. ఆ తర్వాత విమానం ఎక్కిస్తారా, జైల్లో పెడతారా అనేది నా చేతిలో ఉండదు.”

నన్నే ఎందుకని అడిగాను. “నీ భాషవాడు. అబద్ధం చెబితే నీకు తెలుస్తుంది” అన్నాడు. తెలుగులో అబద్ధం ఎంత ముచ్చటగా చెప్పుకోవచ్చో ఆయనకు తెలియదు.

పర్యవేక్షకుడు అని నాకొక బిరుదిచ్చారు. చేసే పని చూస్తే ఉత్త ప్రేక్షకుణ్ణి. మా లాబొరేటరీ పక్కన చిన్న బాత్రూము ఉండేది. అందులో కుళాయి కట్టేశాం, నీళ్ళు కలపడానికి వీల్లేకుండా. ఫ్లష్ తొట్టిలో నీలం మందు వేశాం, ఆ నీళ్ళు ముంచి పోస్తే రంగు పట్టిస్తుందని. గోడకు అద్దం. నేను అతని వెనక నిలబడి ఆ అద్దంలో చూడాలి. మొదటిరోజు ఇద్దరం అద్దంలో ఒకరినొకరు చూసుకుని, పెళ్ళిచూపుల్లో లాగా ఒకేసారి తల దించుకున్నాం. ఇప్పటికీ ఏ హోటల్లోనైనా ఫ్లష్ నొక్కినప్పుడు నీలం నీళ్ళు వస్తే, నాకు తెలియకుండానే గోడవైపు జరిగి నిలబడతాను.

మా ఒప్పందానికి మూత్రమే మూలసూత్రం కాబట్టి, పిలవడానికి గుట్టుగా ఒక మాట కావాలి. నేను ఫోన్ చేసి, “డాక్టరు గారూ, టీకి వస్తారా?” అనేవాణ్ణి. “వస్తున్న అన్నా” అనేవాడు. ఆసుపత్రిలో అందరూ మాది గట్టి టీ స్నేహం అనుకున్నారు. మలయాళీ నర్సొకామె, అంత టీ తాగితే అసిడిటీ వస్తుందని నన్ను హెచ్చరించింది కూడా. ఆ దెబ్బతో నిజంగా ఎవరినైనా టీకి పిలవాలంటే నాకు నోరు పెగిలేది కాదు.

వచ్చీ రాగానే అతను చొక్కా చేతులు మోచేతుల పైకి మడిచేవాడు. నేను అడగలేదు. షరతుల్లో లేదు. మనం నమస్కారం పెట్టినట్టు మడిచి, రెండు మోచేతులూ నావైపు తిప్పి చూపించి, అప్పుడు పలకరించేవాడు. బజారులో కూరగాయల దగ్గర ఎదురుపడ్డా అంతే. ఓ చేతిలో బెండకాయల సంచి పట్టుకుని, రెండో చేత్తో చొక్కా పైకి లాక్కుంటూ, “బాగున్నరా అన్నా” అనేవాడు. “ఇక్కడ వద్దండీ” అని చెప్పినా ఆ చెయ్యి ఆగేది కాదు.

నెలనెలా దమ్మామ్‌కు నా కారులోనే తీసుకెళ్ళేవాణ్ణి. రెండువైపులా ఇసుక, మధ్యలో ఒంటెలు అడ్డొస్తాయి జాగ్రత్త అనే బోర్డులు. ఆ దారిలో ఒక పొద్దున, అది ఎలా ఉంటుందని అడిగాను. డాక్టరుగా తెలుసు గానీ, మనిషిగా తెలియదు.

కిటికీలోంచి ఇసుకవైపు చూశాడు. “ఇంట్ల ఒక మనిషి ఉన్నట్టుంటదన్నా” అన్నాడు. “నేను డ్యూటీ నుంచి వచ్చేవరకు సోఫాల కూసోని ఉంటడు. ఏం మాట్లాడడు. నేను అన్నం వండుకుంట, టీవీ చూస్త, మా అమ్మకు ఫోన్ చేస్త. నా దిక్కు సూడను గూడ సూడడు. ఊకెనే కూసుంటడు. నేనే అడుగుతనని ఆయనకు నమ్మకం.”

వాతావరణం తేలిక చేద్దామనిపించింది. అలాంటప్పుడే నా తెలివి పొంగిపొర్లుతుంది. “ఇప్పుడు మన కారులో ఉన్నాడా?” అన్నాను.

నవ్వలేదు. వెనక సీటువైపు తిరిగి చూశాడు. నిజంగానే చూశాడు. “లేడు. దమ్మామ్ రాడు. ఆయనకు ఆ డాక్టరంటే పడది.”

మిగిలిన దారంతా నేను వెనక వచ్చే లారీల కోసం కాక, వేరే దేనికోసమో వెనకద్దంలో చూస్తూ నడిపాను.

అలా ఏడాది దాకా గడిచింది. పరీక్షలన్నీ శుభ్రంగా వచ్చాయి. అతని ఒళ్ళు కొంచెం నిండింది. ఇంతలో మా ఆవిడ పురిటికి పుట్టింటికొచ్చిన చెల్లెల్ని చూసి గుంటూరు నుంచి తిరిగొచ్చింది. అరిసెలు, ఆవకాయ, పొడులు, ఇంకా ఏవేవో సూట్‌కేసు బరువు దాటినంతా తెచ్చింది. ఒక శుక్రవారం మధ్యాహ్నం అతన్ని భోజనానికి పిలుద్దామంది. ఒంటరి మనిషి, పైగా ఆవిడ లెక్క ప్రకారం నా టీ జతగాడు. అతను ఆవిడను వదినా అంటే, ఆవిడ అతన్ని అన్నయ్యగారూ అనేది. ఆ చుట్టరికం ఏ వరసలోనూ కుదరలేదు గానీ, ఎడారిలో అన్ని వరసలూ చెల్లుతాయి.

ఆరోజు హాల్లో కూర్చుని కబుర్లు చెబుతూ ఆవిడ చిక్కుడుకాయలు తుంచుతోంది. టప్, టప్ మని చప్పుడు. అతను మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయి, లేచి బాల్కనీలోకి వెళ్ళిపోయాడు. వెనకే వెళ్ళాను. గోడ పట్టుకుని నిలబడి ఉన్నాడు.

“ఆంప్యూల్ మెడ ఇరిస్తే గట్లనే వస్తది అన్నా సప్పుడు” అన్నాడు. మందు నింపిన ఆ చిన్న గాజుబుడ్డిని మెడ దగ్గర విరిచే చప్పుడది. “అది అన్నిట్ల వినవడ్తది. పెన్ను మూత తీస్తే గూడ.”

లోపలికొచ్చి, చిక్కుడుకాయ కూర రేపు వండుకోమని మా ఆవిడతో అన్నాను. అతిథి ముందు వంట సంగతుల్లో వేలు పెట్టానని గుర్రుగా చూసింది.

భోజనంలో కోడికూర వడ్డించింది. గ్రేవీ చిక్కగా, నూనె తేలుతూ ఉంది. అతను మొదట మొహమాటపడ్డాడు. రెండోసారి తనే అడిగాడు. మూడోసారి ఆవిడ అడక్కుండానే వేసింది. “మా అమ్మ చేతి తీరుగుంది వదినా” అన్నాడు. ఆవిడ మొహం వెలిగిపోయింది. చిక్కుడుకాయల నేరం నాకు మాఫీ అయింది.

మర్నాడు పొద్దున్నే టీకి పిలిచాను. ప్రత్యేకించి ఏ అనుమానమూ లేదు. ముందు రోజు ఇంట్లో భోజనం పెట్టినంత మాత్రాన కాపలా మానేస్తే, అది కాపలా కాదు గనక పిలిచాను. వచ్చాడు, మడిచాడు, చూపించాడు, పోశాడు. మధ్యలో కూర గురించి మళ్ళీ మెచ్చుకున్నాడు కూడా. అద్దంలో.

సీసా నేనే మిషనులో పెట్టాను. పాజిటివ్.

జీవితంలో పాజిటివ్‌గా ఉండాలని చెప్పే పెద్దలెవరూ లాబొరేటరీలో పనిచేసి ఉండరు. మిషను కడిగి మళ్ళీ పెట్టాను. మళ్ళీ పాజిటివే. మార్ఫిన్ జాతి ఏదో ఆ సీసాలో ఉంది, సందేహం లేదు. నిన్న మా బాల్కనీ గోడ పట్టుకుని నిలబడ్డ మనిషి గుర్తొచ్చాడు. మా ఇంటి నుంచి తిన్నగా అక్కడికే వెళ్ళాడా అనుకున్నాను. ఎక్కడికో నాకే తెలియదు.

నిబంధన ప్రకారం వెంటనే డైరెక్టరుకు చెప్పాలి. ఆయన మీటింగులో ఉన్నాడు, మధ్యాహ్నం జొహర్ నమాజు అయ్యాకే దొరుకుతాడన్నారు. సీసాను తాళంలో పెట్టి, కాళ్ళీడ్చుకుంటూ ఇంటికెళ్ళాను. మా ఆవిడ అన్నం పెట్టి, నిన్నటి కూర వేడి చేసి వేసింది. తిన్నాను. రుచి తెలియలేదు. సగంలో ఉండగా ఆ గ్రేవీ ఎందుకింత చిక్కగా ఉందన్న ఆలోచన వచ్చింది. మెదడు అంత ఆలస్యంగా పనిచేస్తుంది నాకు.

“ఇందులో ఏం వేశావు?”

“బాలేదా?”

“బాగుంది. ఏం వేశావు?”

“అమ్మ కొట్టి పంపిన మసాలా పొడి. ధనియాలు, చెక్క, లవంగాలు, కొబ్బరి…” ఆగింది. తలుపు వేసే ఉందో లేదో చూసింది. “గసగసాలు.”

ఆ మాటను గుసగుసగా అంది. ఆ రెంటికీ అంత దగ్గర చుట్టరికం ఉందని అప్పుడే తట్టింది.

గసగసాలు సౌదీకి తేకూడదని గల్ఫ్ విమానం ఎక్కే ప్రతి తెలుగువాడికీ తెలుసు. అవి నల్లమందు మొక్క గింజలు. ఆ పొట్లంతో పట్టుబడి జైల్లో పడ్డవాళ్ళ కథలు ప్రతి ఊళ్ళోనూ ఉన్నాయి. మా అత్తగారికీ తెలుసు. అందుకే సూట్‌కేసులోంచి గింజల పొట్లం తీసేసిందట. తీసేసి, వాటిని దోరగా వేయించి, మసాలాతో కలిపి దంచి పంపిందట.

“గింజలైతే పట్టుకుంటారు గానీ, పొడి కొట్టాక ధనియాలేవో గసాలేవో ఎవడు కనిపెడతాడే అంది అమ్మ” అని చెప్పింది మా ఆవిడ. “దమ్మామ్ ఎయిర్‌పోర్టులో ఎవడూ కనిపెట్టలేదు.”

నేను కనిపెట్టాను. లక్షల రియాళ్ళ మిషను పెట్టి మరీ.

ఇంక దాచి లాభం లేదు. అతని సంగతి, టీ సంగతి, పొద్దుటి పరీక్ష సంగతి మొత్తం చెప్పాను. కంచం ముందు చెయ్యి ఆరిపోయింది. ఆవిడ కూర గిన్నె మీద మూత పెట్టింది.

“అంటే అన్నయ్యగారికి నేను మత్తుమందు వడ్డించానా?”

“కూరే వడ్డించావు.”

“మూడుసార్లు వడ్డించాను. మీరు చెప్తే నన్నేం చేస్తారు?”

“తెలియదు.”

“చెప్పకపోతే ఆయన్నేం చేస్తారు?”

“అది తెలుసు.”

“అయితే ఇంకా కూర్చున్నారేం? చెయ్యి కడుక్కోండి” అంది.

డైరెక్టరు గదిలో కూర్చుని మొత్తం చెప్పాను. మా అత్తగారి తెలివితేటలు ఇంగ్లీషులోకి తర్జుమా చేయడం నా జీవితంలో చేసిన అతి కష్టమైన పనుల్లో ఒకటి. ఆయన జపమాల లాంటి తస్బీ పూసలు తిప్పుతూ విన్నాడు. మా ఆవిడ గురించి ఒక్క ప్రశ్న కూడా వేయలేదు.

“నువ్వు తిన్నావా ఆ కూర?”

“తిన్నాను. నిన్నా, ఇవాళా.”

“నీది పరీక్ష చేసుకున్నావా?”

లాబొరేటరీకి పెద్దను. నాకు తట్టలేదు.

“చెయ్యి” అన్నాడు. “ఎవరు చూస్తారు?”

ఈ పరీక్షల సంగతి తెలిసిన మగవాళ్ళం ఆసుపత్రిలో ముగ్గురమే. నా సీసాకు నేనే సాక్షిని కాలేను. డైరెక్టరు పెద్దవాడు, ఆయన చూడటానికి ఇష్టపడలేదు. ఇక మిగిలింది అతనే. పిలిపించారు. పాజిటివ్ వచ్చిందని ఆ గదిలో చెప్పినప్పుడు అతని మొహంలో రక్తం లేదు. కూర సంగతి చెప్పాక కూడా రాలేదు.

డైరెక్టరు బాత్రూము తలుపు బయట నిలబడ్డాడు. నేను సీసా పట్టుకుని అద్దం ముందు నిలబడ్డాను. అతను నా వెనక. ఏడాదిగా నేను నిలబడ్డ చోటు అది.

రాలేదు. ఎంతసేపటికీ రాలేదు. వంద మంది డాక్టరు గారూ అని పిలిచే మనిషిని, సీసా పుచ్చుకుని ముష్టివాడిలా నిలబడ్డాను. నీలం నీళ్ళ వైపు చూశాను, గోడ వైపు చూశాను. మెడ మీద అతని చూపు పాకుతున్నట్టు ఉంది. నేనేదో దొంగతనం చేశానని నాకే నమ్మకం కుదిరిపోయింది.

“కొంచెం అటు తిరుగుతారా” అన్నాను.

“తిరగొద్దు గదా అన్నా” అన్నాడు మెత్తగా. “తిరిగితే చెల్లది.” కాసేపటికి, “కండ్లు మూసుకోండి. మా ఊర్ల వాన యాద్జేసుకుంట నేను. మీరు మీ ఊరిది చేసుకోండి.”

మా ఊరి వాన గుర్తు చేసుకున్నాను. అతను ప్రతిసారీ ఇలా ఒక వానను వెంటబెట్టుకుని వచ్చేవాడని అప్పుడు తెలిసింది.

నాదీ పాజిటివే. అందరికీ ఊపిరి వచ్చింది. నాకు మాత్రం పూర్తిగా రాలేదు. నా అంకె చిన్నది, అతనిది చాలా పెద్దది. నేను రెండుపూటలు తిన్నాను, అతను ఒక్కపూటే. ఆ మాట డైరెక్టరుకు చెప్పాను.

“కూర వల్లే అంత రావడం సాధ్యమా?”

“సాధ్యమే. ఒక్కో ఒళ్ళు ఒక్కో తీరు. అతను ఎక్కువ తిన్నాడు, నీళ్ళు తక్కువ తాగి ఉండొచ్చు.”

“కూర వల్ల కాదని చెప్పగలవా?”

“చెప్పలేను.”

ఆయన పూసలు పక్కన పెట్టాడు. “అయితే ఈ రెండు సీసాలూ పారబొయ్యి. వారంపాటు రోజూ పరీక్ష చెయ్యి. మీ ఇంట్లో ఆ పొడి ఉండకూడదు. ఈ మాట ఈ గది దాటకూడదు” అన్నాడు.

రోజూ చేశాను. రెండోరోజు అంకె పడిపోయింది, ఆ తర్వాత అంతా శుభ్రం. పొడి సంగతి మాత్రం అంత శుభ్రంగా ముగియలేదు. టాయ్‌లెట్లో పోస్తే మసాలా మునగదని నాకు తెలియదు. ఎన్నిసార్లు ఫ్లష్ చేసినా తేలుతూ పైకి వచ్చింది. పక్క ఫ్లాట్లో ఈజిప్టు డాక్టరు మా తలుపు కొట్టి, విందు ఏమిటని అడిగాడు. సాయంత్రం దాకా ఇల్లంతా పెళ్ళివంట వాసన.

కొన్ని వారాల తర్వాత ఒక సాయంత్రం అతను చెప్పాపెట్టకుండా మా ఇంటికి వచ్చాడు. చేతులు మడిచాడు, చూపించాడు, కూర్చోమంటే కూర్చోలేదు.

“వదినా, ఆ మసాల పొడి ఇంక ఉన్నదా?”

మా ఆవిడ మంచినీళ్ళ గ్లాసు అందించబోతూ ఆగిపోయింది. నా వైపు చూసింది. నేను నేల వైపు చూశాను.

“లేదన్నయ్యగారూ. పారబోశాం.”

“మొత్తమా?”

“మొత్తం.”

“మళ్ళ తెప్పిస్తరా ఎప్పుడన్న?”

“ధనియాలు కూడా పంపొద్దని మా అమ్మకు చెప్పేశాను.”

అప్పుడు కూర్చున్నాడు. గ్లాసు తీసుకుని మొత్తం తాగాడు.

“మంచిగైంది” అన్నాడు. “ఉన్నదంటే ఏం జేద్దునో నాకే తెల్వదు. నాకొక సాకు దొరికిందన్నా. ఎన్నడన్న ఒక్కసారి తీసుకున్నా, వదినె కూర తిన్న అనొచ్చు. మీరిద్దరు, డైరెక్టరు సారు కలిసి, పరీక్ష జేసి మరీ నా చేతిల పెట్టిండ్రు.” గ్లాసు కింద పెట్టాడు, చప్పుడు కాకుండా. “సోఫాల మనిషి మొన్న మొదటిసారి మాట్లాడిండు.”

“ఏమన్నాడు?” అన్నాను. అడగకుండా ఉండాల్సింది.

“‘వాళ్ళింట్ల ఉన్నదట గద’ అన్నడు.”

మా ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్ళి, పొయ్యి మీద ఏమీ లేకపోయినా చాలాసేపు అక్కడే ఉండిపోయింది.

మర్నాడు అతనే డైరెక్టరు దగ్గరకు వెళ్ళి ఇంకో షరతు పెట్టించుకున్నాడు. ఇకమీదట పాజిటివ్ వస్తే ఏం తిన్నావని ఎవరూ అడగకూడదు, పాజిటివ్ అంటే పాజిటివే. తన మెడకు తనే ఉరి బిగించుకుంటున్నాడని నాకు భయం వేసింది. డైరెక్టరు మాత్రం లేచి నిలబడి అతని భుజం మీద చెయ్యి వేశాడట. అప్పటినుంచి అతను ఎవరింటా తినలేదు, హోటల్లో తినలేదు. పప్పు, అన్నం, పెరుగు. మా ఆవిడ మొదట చిన్నబుచ్చుకుంది. తర్వాత మూడు రోజులకోసారి కోయని కూరగాయలు సంచిలో పెట్టి పంపేది. “మసాలా లేదు, మాయ లేదు, కడిగి కూడా ఇవ్వలేదని చెప్పండి” అనేది.

గడువు అయిపోయింది. డైరెక్టరు మా ఇద్దరికీ ఖర్జూరాలు పెట్టి, అరబ్బీ కాఫీ ఖహ్వా పోసి, ఇక చాలన్నాడు. లైసెన్సు అతనిది అతనికి మిగిలింది. నాకు పెద్ద బరువు దిగింది. రెండో ఉద్యోగం పోయినందుకు సంతోషించిన ఏకైక గల్ఫ్ ఉద్యోగిని నేనే అయ్యుంటాను.

ఆ మరుసటి వారం అతనే ఫోన్ చేశాడు. “అన్నా, టీకి రానా?”

“అయిపోయింది కదండీ.”

“మీకు అయిపోయింది.”

వచ్చాడు. ప్రతి గురువారం వచ్చాడు. ఎవరికీ చెప్పే పని లేదు, ఏ ఆఫీసుకూ కాగితం లేదు. నేను చూసేవాణ్ణి, మిషను చూసేది, బాగుందని చెప్పేవాణ్ణి, వెళ్ళిపోయేవాడు. తర్వాత చాలాకాలం అక్కడే పనిచేశాడు. అతని చేతిలో నిద్రపోయిన రోగులందరూ మళ్ళీ లేచారు. అది నేను ఎక్కడైనా సాక్ష్యం చెబుతాను.

ఒక వారం ఫోన్ రాలేదు. గురువారం, అప్పట్లో అక్కడ సెలవు. పదకొండింటికల్లా ఇంటికి వస్తాడు, కలిసి లాబొరేటరీకి వెళ్దామనుకున్నాను. పన్నెండు దాటింది. ఫోన్ చేస్తే ఎత్తలేదు. మా ఆవిడ ఏమీ అనకుండా నా చెప్పులు గుమ్మం దగ్గర పెట్టింది. ఎదురు బిల్డింగే అతనిది. ఆవరణ దాటి, బయటి మెట్లెక్కి తలుపు కొట్టాను. నడినెత్తిన ఎండ, తలుపు మీద చెయ్యి ఆనించలేనంత.

మళ్ళీ కొట్టాను. లోపల టీవీ చప్పుడు ఆగింది. తలుపు తీశాడు. చొక్కా చేతులు పొడుగ్గా కిందికే ఉన్నాయి. మడవలేదు.

“ఏందన్నా, గీ ఎండల?”

“రాలేదేమిటా అని.”

కాసేపు అర్థం కానట్టు చూశాడు. తర్వాత నోరు తెరిచాడు. “ఇయ్యాల గురువారమా? మర్చిపోయిన.” నవ్వాడు. ఆ నవ్వుకు అతనే ఆశ్చర్యపోయినట్టు గుమ్మం పట్టుకున్నాడు. “మర్చిపోయిన అన్నా. నిజంగ మర్చిపోయిన.”

అతను దాన్ని మర్చిపోవాలనే కదా ఇంతమందిమీ ఇన్నాళ్ళు కావలి కాసింది. నేనూ నవ్వాను. నవ్వుతూనే అతని కళ్ళలోకి చూశాను. కంటిపాపలు గుండుసూది మొనల్లా ఉన్నాయి. ఒంట్లో మార్ఫిన్ ఉంటే అలాగే ఉంటాయి. మొహం మీద అంత ఎండ పడుతుంటే, ఎవరికైనా అలాగే ఉంటాయి. నావీ అలాగే ఉండి ఉంటాయి.

“లోపల నీడకు రండి అన్నా” అన్నాడు. “కూసోండి. చల్లగున్నది.”

లోపల కర్టెన్లు వేసి ఉన్నాయి. రెండడుగులు లోపలికి వేసి, ఆ చీకట్లో కొద్దిసేపు ఎదురెదురుగా కూర్చుంటే చాలు. కంటిపాపలు పెద్దవవుతాయి, లేదా అవ్వవు. ఏ మిషనూ అక్కర్లేదు. అతనికీ అది తెలుసు, మత్తు డాక్టరు గనక నాకంటే బాగా తెలుసు. అయినా రమ్మంటున్నాడు. లేదా, అది తెలుసు గనకే రమ్మంటున్నాడు.

“భోజనానికి చూస్తోంది మీ వదిన” అన్నాను.

“సరే అన్నా. రేపొస్త” అని తలుపు వేసుకున్నాడు. వచ్చాడు కూడా. అంతా శుభ్రంగానే ఉంది. తీసుకున్నది కొంచెమే అయితే, ఒక రోజు గడిస్తే చాలావరకు శుభ్రంగానే ఉంటుంది.

ఇప్పటికీ కలలో ఆ మెట్ల మీదే నిలబడి ఉంటాను. ఒక్కోసారి లోపలికి వెళ్తాను. చీకట్లో సోఫా కనిపిస్తుంది గానీ, అతని మొహం కనిపించదు.

ఆరోజు ఇంటికి వచ్చేసరికి మా ఆవిడ కంచాలు పెట్టి కూర్చుని ఉంది.

“ఎలా ఉన్నారు?”

“మర్చిపోయాడట.”

“మంచిదేగా?” అంది. నా మొహంలోకి చూసింది. “ఏవండీ, మంచిదేగా?”

“ఎండ చాలా ఎక్కువగా ఉంది” అన్నాను.